వాపు లేని కాలు

ఈ ఉదయం ఏడూ పదికి చిక్కడపల్లి బస్టాపులో ఒక పెద్దమనిషి ఎడమ చెప్పు విప్పి, ఆ కాలి వేళ్ళ సందులను రెండో కాలి మడమతో రుద్దుకుంటున్నాడు. సందుల్లో చర్మం నాని తెల్లబడింది. పొరలుగా లేస్తోంది. పక్కనున్నతను అది చూసి, "డాక్టర్‌కు చూపియ్యరాదే అన్నా?" అన్నాడు.

"దురద, అంతే. నొప్పి లేదు, వాపు లేదు. ఏమైతది?" అన్నాడు పెద్దమనిషి.

బస్సు వచ్చింది. ఇద్దరూ ఎక్కారు. నేను ఎక్కలేదు. ఎక్కితే ఆ మనిషితో గొడవ పడేవాణ్ణి.

నొప్పి లేదు, వాపు లేదు. ఈ మాటలు నేను మొదట విన్నది మా ఇంటి యజమాని నోట. ఆయన పోయి కొన్నేళ్ళయింది. ఆయన మీద నాకు కోపం ఇంకా పోలేదు. ఆయన్ను మెచ్చుకున్నవాళ్ళ మీద అసలే పోలేదు.

వీధంతా ఆయన్ను పహిల్వాన్ అనేది. శిష్యులు ఉస్తాద్ అనేవారు. చిక్కడపల్లిలో ఒక సందు చివర ఆయన ఇల్లు, దాన్ని ఆనుకొని ఆయన తాలీం. కుస్తీ నేర్పే చోటును ఇక్కడ తాలీం అంటారు. రేకుల కప్పు, ఒక చిన్న కిటికీ, మధ్యలో తవ్వి మెత్తగా చేసిన ఎర్రమట్టి. కృష్ణాజిల్లా నుంచి ఉద్యోగానికి వచ్చిన నేను ఆ ఇంటి పైగదిలో కిరాయికి ఉండేవాణ్ణి. వంట చేతకాదు, కుస్తీ తెలియదు, పుస్తకాలు తప్ప సామాను లేదు. ఆయనకు ఇది తమాషాగా ఉండేది. అప్పుడప్పుడు పైకి వచ్చి, లావుపాటి పుస్తకం ఒకటి తీసి అరచేతిలో ఆడించి బరువు చూసేవాడు.

"రెండు సేర్లుంటది. చదివినంక ఏమన్న తగ్గుతదా సార్?"

నేను చేరిన మొదటి వానాకాలంలో మెట్ల మీద జారి నా కుడిభుజం తప్పింది. ఆయన వచ్చి నా పక్కన గొంతుకూర్చుని, చెయ్యి పట్టుకొని, "ఈ నడుమ ఏం చదువుతున్నరు సార్?" అని అడిగాడు. నేను పుస్తకం పేరు చెప్పబోయాను. పేరు సగంలో ఉండగా భుజంలో టక్కుమంది. కళ్ళు చీకట్లు కమ్మాయి. "మిగిలింది రేపు చెప్పుండ్రి" అని లేచి వెళ్ళిపోయాడు. ఎముక సర్దడంలో ఆయన పద్ధతి అదే. వడ్రంగి వస్తే ఏ తలుపు చేస్తున్నావని అడుగుతాడు, ముసలమ్మ వస్తే కోడలి సంగతి అడుగుతాడు. ఎవరికీ జవాబు పూర్తయ్యేది కాదు.

రిక్షా ఎక్కేవాడు కాదు. "మనిషి గుంజుతుంటే మనిషి కూసునుడేంది?" అనేవాడు. ఎంత దూరమైనా నడకే. అరవై తొమ్మిదిలో ఊళ్ళో గొడవలు ముదిరినప్పుడు కొందరు కుర్రవాళ్ళు వచ్చి, పైన ఉండేది ఆంధ్రా ఆయనేనా అని అడిగారు. పహిల్వాన్ గడప మీద కూర్చుని వేపపుల్ల నములుతున్నాడు. "అవ్, నా కిరాయిదారు. జారిన భుజం నేనే ఎక్కించిన. మీరు దించుతే మళ్ళ ఎక్కించుడు నాకే పని. నాకు పని పెట్టకుండ్రి, పోండ్రి" అన్నాడు. వాళ్ళు నవ్వుకుంటూ పోయారు. నేను పైనుంచి విన్నాను. దాని గురించి మేమిద్దరం ఎన్నడూ మాట్లాడుకోలేదు.

ఇంత తెలివైన మనిషి. ఇక ఆ తాలీం పట్టింపులు రాస్తాను. రాస్తుంటేనే చెయ్యి వేడెక్కుతోంది.

లంగోటీలు ఎండలో నలుగురికీ కనబడేలా ఆరేయకూడదు. లోపల, గాలి తిరగని మూల దండెం మీదే ఆరాలి. వానాకాలంలో అవి ఆరేవి కావు. తడిగానే మళ్ళీ కట్టుకునేవారు. అందువల్ల అందరికీ తామర. కొత్తగా చేరినవాడి మెడ మీదో నడుం దగ్గరో గుండ్రటి మచ్చ లేస్తే, "ముద్ర పడ్డది" అనేవారు. మట్టి వాణ్ణి మెచ్చిందని అర్థం. ఆ రోజు వాడు అందరికీ బెల్లం పంచాలి. జబ్బు వచ్చినందుకు బెల్లం పంచడం నేను మరెక్కడా చూడలేదు.

రెండోది ఇంకా ఘోరం. దెబ్బ తగిలితే వాచే ఒళ్ళు కచ్చా. వాయని ఒళ్ళు పక్కా. ఎవరికైనా గాయమైతే ఉస్తాద్ బొటనవేలితో చుట్టూ నొక్కి చూసేవాడు. మెత్తగా, చల్లగా ఉంటే, "పక్కా" అని ప్రకటించేవాడు. మిగతావాళ్ళు వాడి వీపు చరిచేవారు. కచ్చా అనిపించుకున్నవాడు ఆ వారమంతా తలదించుకు తిరిగేవాడు. అందరిలోకీ పక్కా ఉస్తాద్ ఒళ్ళే. యాభై దాటినా ఆయనకు ఏది తగిలినా వాచేది కాదు. శిష్యులు దాన్ని సాధన అనుకున్నారు. ఆయనా అదే అనుకున్నాడు.

మొదట అనుమానపడ్డది ఆయన భార్య. వీధిలో అందరికీ ఆమె వదినె. పొద్దునే బాదంపప్పు నూరి, పాలల్లో పటికబెల్లం వేసి పెద్ద చెంబుతో ఇచ్చేది ఆమే. పహిల్వాన్ ఇంట్లో అది మానడమంటే పొయ్యి ఆర్పినట్టే. ఒకనాడు ఆమె మెట్లెక్కి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"సార్, జర మీరు చెప్పుండ్రి. నా మాట ఇంటలేడు. కాలివేళ్ళ సందులు పాచిపోయినయ్. వాసనొస్తున్నది. నీళ్ళేమో కుండకు కుండ తాగుతడు."

"ఎప్పటి నుంచమ్మా?"

"ఎవరికి తెలుసు? నాకు చూపిస్తడా? నొప్పి లేదు, వాపు లేదు, నీకేం పరేషాన్ అంటడు."

నారాయణగూడలో నాకు తెలిసిన డాక్టర్ ఒకాయన ఉండేవాడు. నెమ్మదస్తుడు, తక్కువ మాట్లాడతాడు. ఆయన దగ్గరికి పహిల్వాన్‌ను బయల్దేరదీశాను. నన్ను బలవంతాన రిక్షా ఎక్కించి, తాను పక్కన నడుస్తూ వచ్చాడు. దారి పొడుగునా రిక్షా అతనితో వాళ్ళ మామ వెన్నునొప్పి గురించి మాట్లాడాడు. దవాఖానా మెట్ల దగ్గర నేను దిగి చూస్తే ఆయన ఎడమకాలికి చెప్పు లేదు.

"పహిల్వాన్ గారూ, చెప్పేదండీ?"

ఆయన కిందికి చూశాడు. కుడికాలికి ఉంది. ఎడమకాలు ఉత్తిది, మడమకు పేడ అంటుకొని ఉంది. "ఎక్కడనో జారింది" అని నవ్వాడు. ఎక్కడ జారిందో ఆయనకు తెలియదు. చెప్పు పోయినట్టే తెలియదు. నాకు అప్పుడు భయం వేసింది.

లోపల డాక్టర్ ఆయన్ను బల్ల మీద పడుకోబెట్టి కళ్ళు మూసుకోమన్నాడు. పిన్ను తీసి అరికాలి మీద గుచ్చాడు.

"ఎక్కడ గుచ్చానో చెప్పండి."

"మీరు గుచ్చుండ్రి, చెప్త."

"గుచ్చానండీ."

పహిల్వాన్ కళ్ళు తెరిచాడు. అరికాలి మీద చిన్న రక్తపు చుక్క ఉంది. ఆయన నా వైపు తిరిగాడు. ఆ ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. పరీక్షలో నెగ్గినవాడి ముఖం.

"చూసిన్రా సార్? జర కదిలిన్నా?"

డాక్టర్ నవ్వలేదు. నీలంరంగు మందునీళ్ళలో ఆయన మూత్రం చుక్కలు వేసి దీపం మీద కాచాడు. గొట్టంలో నీలం పోయి ఇటుకరంగు వచ్చింది. "షుగర్. చాలా ఉంది" అన్నాడు.

"పహిల్వాన్‌కు షుగరేంది సాబ్? గది కూసుండి తినేటోళ్ళకు వస్తది గద."

"ఎవరికైనా వస్తుంది."

"కాని వాపు లేదు గద? చూడుండ్రి, నొక్కుండ్రి."

"అదే నా భయం" అన్నాడు డాక్టర్. తర్వాత ఆయన చెప్పింది నాకు అర్థమైనంత రాస్తున్నాను. తామర అంటే చర్మం పై పొరలో పెరిగే ఒకరకం బూజు. మామూలు ఒంట్లో అది చేరితే రక్తంలోని తెల్లకణాలు అక్కడికి పోతాయి. చోటు ఎర్రబడుతుంది, వేడెక్కుతుంది, వాస్తుంది, నొప్పి పుడుతుంది. మనం వాపును జబ్బనుకుంటాం కానీ, అది ఒళ్ళు జబ్బును ఎదుర్కొనే పని. షుగర్ పెరిగిన ఒంట్లో ఆ కణాలు ఆలస్యంగా చేరతాయి, చేరినా మందకొడిగా ఉంటాయి. బూజుకు తడీ తీపీ రెండూ దొరుకుతాయి. చర్మం చీలుతుంది. చీలికలోంచి వేరే క్రిములు లోపలికి దిగుతాయి. పాదంలో నరాలు మొద్దుబారి ఉంటాయి కాబట్టి మనిషికి తెలియదు. చివరికి ఒళ్ళు మేలుకుని వాపు మొదలైతే, అది ఆగవలసినప్పుడు ఆగదు. పుండు మాననీయదు. తర్వాత లైబ్రరీలో వైద్యం పుస్తకాలు తిరగేశాను. పదాలు పెద్దవి, విషయం ఇదే.

"పాదం పొడిగా ఉండాలి. మట్టి తగలకూడదు. వేళ్ళ మధ్య ఈ మలాము. రోజూ ఇన్సులిన్ సూది. పాలల్లో తీపి బంద్" అన్నాడు డాక్టర్. "ఇప్పుడైతే కాలు నిలబడుతుంది. చీలిక లోతుకు పోతే నా చేతుల్లో ఉండదు."

మెట్లు దిగాక పహిల్వాన్ అన్నాడు: "నా పిలగాండ్లకు తెల్వద్దు సార్. సూదుల మీద బతికే ఉస్తాద్ దగ్గరకు ఎవడొస్తడు? తాలీం ఖాళీ అయితది."

అందుకని ఏర్పాటు నా గదిలో జరిగింది. డాక్టర్ దగ్గర కాంపౌండర్ అశోక్‌నగర్‌లో ఉండేవాడు. పొద్దున పనికి పోతూ నా గదికి వచ్చి, గాజు సిరంజి ఉడకబెట్టి సూది వేసేవాడు. మందు సీసా తడి ఇసుక నింపిన కుండలో ఉండేది. పహిల్వాన్ పైకి రావడానికి సాకు పుస్తకం. ఒకటి చంకలో పెట్టుకొని ఎక్కుతాడు, ఇంకొకటి పెట్టుకొని దిగుతాడు. ఉస్తాద్ చదువులో పడ్డాడని తాలీంలో వేళాకోళం మొదలైంది.

"ఏం పుస్తకం ఉస్తాద్ ఇది?" అని ఎవడో అడగడం నేను విన్నాను.

"లావుది" అన్నాడాయన.

కాలికి కట్టు, పైన మేజోడు, బూటు. బూటుతో మట్టిలోకి దిగకూడదు కాబట్టి గుమ్మంలో పీట వేసుకొని కూర్చుని పట్లు చెప్పేవాడు. మోకాలు పట్టిందని చెప్పుకున్నాడు. వదినె పటికబెల్లం మానేసింది. మొదటి రోజు ఆ పాలు తాగి, "ఇది బాదమా, సున్నమా?" అన్నాడు. అయినా తాగాడు. మెల్లగా, చాలా మెల్లగా, తెల్లటి తడి తగ్గింది. చీలికల అంచులు దగ్గరపడ్డాయి. చిటికెనవేలి పక్కన కొత్త చర్మం గులాబిరంగులో కనబడింది. వదినె దాన్ని నాకు చూపించి, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. ఆ చర్మం నేను నా కళ్ళతో చూశాను. నా కోపానికి మూలం అదే. అది మానుతున్నది.

తర్వాత శ్రావణమాసం వచ్చింది. నాగపంచమి తాలీం పండగ. ఆ రోజు పాతమట్టి తిరగేసి కొత్తమట్టి పోస్తారు. పసుపు, నువ్వులనూనె, మజ్జిగ కలిపి తొక్కుతారు. మొదటి పిడికెడు ఉస్తాద్ పాదాలకు పూసి, ఆయన మట్టిలో నిలబడ్డాకే శిష్యులు దిగుతారు. ఆ మట్టి గాయాల్ని మాన్పుతుందని వాళ్ళ నమ్మకం.

ఆ పొద్దున సూది వేయించుకున్నాక ఆయన నా మంచం మీద కూర్చుని కట్టు విప్పడం మొదలుపెట్టాడు.

"ఏం చేస్తున్నారండీ?"

"ఒక్క పూట సార్. మళ్ళ కడుక్కుంట."

"చీలికలు ఇంకా పూర్తిగా మూసుకోలేదు. ఆ మట్టిలో ఊరందరి తామరా ఉంది."

"మట్టిని గట్ల అనకుండ్రి" అన్నాడు. మొదటిసారి ఆయన గొంతులో నా మీద కటువు విన్నాను. "అది మా అమ్మ లెక్క."

"అయితే వాళ్ళకు నిజం చెప్పండి. షుగరుందని చెప్పండి. కాలు చూపించండి. మీ మీద ప్రేమ ఉన్నవాడు పోతాడా?"

"మీకు తెల్వది సార్. ప్రేమతోని రారు వీళ్ళు. నన్ను చూసి తాము గూడ ఇట్ల అయితమనుకొని వస్తరు."

వదినె మెట్ల మీద అడ్డం నిలబడింది. "పోతే నా మీదికెల్లి పో" అంది. ఆయన ఆమెను రెండు భుజాలూ పట్టుకొని ఎత్తి, పక్కకు పెట్టి దిగిపోయాడు. ఆ ఎత్తడంలో మోటుతనం లేదు. పసిపిల్లను పక్కకు జరిపినట్టు జరిపాడు. అంత బలం ఉండి ఏం చేసుకోను?

నేనూ దిగి తాలీం గుమ్మంలో నిలబడ్డాను. పెద్ద శిష్యుడు పాదాలకు మట్టి పూయడానికి వంగాడు. ముప్పై ఏళ్ళవాడు, ఉస్తాద్ తర్వాత ఉస్తాద్ అతనే అని అందరూ అనుకునేవారు. వేళ్ళ సందు చూసి ఆగాడు.

"ఉస్తాద్, ఇదేంది? చీలినట్టున్నది?"

"వాపున్నదా?"

అతను బొటనవేలితో చుట్టూ నొక్కాడు. "లేదు ఉస్తాద్."

"మరి పూయి."

అతను తల ఎత్తి అందరికీ వినబడేలా, "చూసిన్రారా! తోలు చీలినా వాపు లేదు. పక్కా అంటే గిదిరా!" అన్నాడు. అందరూ కేకలు వేశారు. మట్టి ఆ సందుల్లోకి దట్టంగా కూరారు. ఆయన నడుం మీద చేతులు పెట్టుకొని మధ్యాహ్నం దాకా ఆ తడిమట్టిలో నిలబడ్డాడు. ముఖం వెలిగిపోతున్నది. నేను అక్కడే ఉండి అరవవలసినంత అరిచాను. డోలు మోతలో ఎవరూ వినలేదు. విన్న ఒకరిద్దరు, సార్‌కు కుస్తీ గురించి తెల్వదన్నారు.

ఆ తర్వాతిది త్వరగా చెప్పేస్తాను. చిటికెనవేలు రంగు మారింది. నొప్పి లేదన్నాడు. కొద్దిరోజులకు వేలు నల్లబడింది. డాక్టర్ చూసి పెద్దాసుపత్రికి రాసిచ్చాడు. అక్కడ చేరిన మర్నాడు పాదం ఒక్కసారిగా ఉబ్బి, ఎరుపు పిక్క దాకా పాకింది. అంతకాలం రాని వాపు అప్పుడు వచ్చింది. కాలు మోకాలి కింద తీసేశారు. తీసేసిన చోటు మానలేదు.

ఒక సాయంత్రం నేను వార్డుకు వెళ్ళేసరికి ఆయన దుప్పటి నడుందాకా లాక్కుని అంచులు తొడల కింద దోపుకుంటున్నాడు. శిష్యులు వచ్చే వేళ.

"సార్" అన్నాడు చిన్నగా, "మిగిలిన కాలు వాచింది. వాళ్ళకు చెప్పకుండ్రి."

కాలు పోయినందుకు కాదు, ప్రాణం పోతున్నందుకు కాదు, ఆ మనిషి సిగ్గుపడుతున్నది ఒళ్ళు వాచినందుకు. పిలగాండ్లు వచ్చారు. ఆయన వాళ్ళతో కుస్తీపట్ల గురించి, రాబోయే దంగల్ పోటీల గురించి మాట్లాడాడు. ఒకడు, "నొప్పున్నదా ఉస్తాద్?" అని అడిగాడు. "ఛల్" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ వారంలోనే పోయాడు.

తాలీం ముందు పడుకోబెట్టారు. పూలు, జనం, డోలు. పెద్ద శిష్యుడు కళ్ళు తుడుచుకుంటూ వచ్చినవాళ్ళందరికీ ఒకటే చెబుతున్నాడు: "ఆఖరి దాకా నొప్పి అనలేదు. గదీ పహిల్వాన్ అంటే."

నాలుగోసారో ఐదోసారో విన్నాక నేను ఉండబట్టలేకపోయాను. "నొప్పి అని ఉంటే బతికేవాడు" అన్నాను. "ఆయనకు షుగర్. ఆ కాలు వాయకపోవడం బలం కాదు, జబ్బు. మానుతున్న కాలికి మీరంతా కలిసి మట్టి కూరారు."

డోలు ఆగింది. అతను నన్ను ఎగాదిగా చూశాడు. "చావు కాడ ఏం మాటలు సార్ ఇవి? ఉస్తాద్‌కు షుగరేంది?" అన్నాడు. ఇంకొకడు, "పోనీ అన్నా, ఆంధ్రాయన, ఆయనకేం తెలుసు" అన్నాడు.

"నాకు తెలుసు" అంది వదినె, శవం పక్క నుంచి. "సూదులు నేను చూసిన. కాలు నేను కడిగిన. మీరు పొగిడి పొగిడి సంపిన్రు. ఆయన మురిసి మురిసి సచ్చిండు."

డోలు వాళ్ళు మళ్ళీ మొదలుపెట్టారు.

దినాలు అయిపోయాక తాలీం తలుపు తాళంచెవి ఆమె శిష్యులకు ఇవ్వలేదు. స్థలం తనదే. కావలసినవాళ్ళు రావచ్చు, కాని తాను చూశాకే లోపలికి, అంది. ప్రతి ఉదయం గుమ్మంలో పీట వేసుకుని కూర్చునేది. వచ్చినవాడు వచ్చినట్టు పాదం ఆమె ముందున్న రాయి మీద పెట్టాలి.

"వేళ్ళు తెరువు బిడ్డా. ఇంకా తెరువు. సిగ్గేంది?"

తెల్లగా పాచిన సందు కనబడితే వాడికి ఆ రోజు కుస్తీ లేదు. "పో. మందు పెట్టుకో. ఎండినంక రా." ఎవడైనా, నొప్పి లేదు వదినె, వాపు లేదు వదినె, అంటే చీపురు తీసేది. నిజంగా తీసేది. ఇద్దరిని ఆమె మూత్రపరీక్షకు నారాయణగూడ పంపింది. ఒకడికి షుగర్ ఉందని తేలింది. వాడు ఇప్పుడు సూదులు వేసుకుంటూ హైదర్‌గూడలో దుకాణం నడుపుకుంటున్నాడు. కాళ్ళు రెండూ ఉన్నాయి. ముసలి ఆడమనిషి కాళ్ళు చూడటమేమిటని నొచ్చుకుని కొందరు మానేశారు. మానేసినవాళ్ళ పేర్లు ఆమె అడగలేదు.

కిందటేడు ఆమెకు చూపు మందగించింది. తమ్ముడు వచ్చి అంబర్‌పేట తీసుకుపోయాడు. పోతూ తాళంచెవి పెద్ద శిష్యుడికి ఇచ్చి, పాదాలు చూడమని నా ఎదుటే చెప్పింది. అతను తల ఊపాడు. నేను మొన్న పోయి కాసేపు గుమ్మంలో నిలబడ్డాను. ఇప్పుడు తాలీంలోకి పోయేవాళ్ళ కాళ్ళు ఎవరూ చూడటం లేదు.